మత్తులో ఉన్న బిడ్డకు వినిపిస్తుందా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి మన సభల్లో ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మనం వింటూనే ఉన్నాం, భోజనాల్లో రెండో బొబ్బట్టు వేయించుకుంటూనే ఉన్నాం. అందుకని ఈసారి వేరే విషయం తీసుకున్నాను. సర్వీసులో ఉన్నంతకాలం నా పని మత్తు ఇవ్వడం. ఆపరేషన్‌కు మత్తు ఎందుకో ఎవరికీ చెప్పనక్కరలేదు. కానీ, "మా పాపకు చెవి పరీక్షకు మత్తిస్తామంటున్నారు, పడుకున్న పిల్లకు ఏం వినిపిస్తుంది, ఏం పరీక్ష చేస్తారు?" అని అడిగిన తల్లులు చాలామంది. భర్త ఫీల్డులో ఉంటాడు, ఆవిడ ఒక్కతే బిడ్డను ఎత్తుకుని వస్తుంది, చేతికి సమ్మతి పత్రం ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఆ సంతకం ముందు ఆమెకు తెలియాల్సిన సంగతులే ఇవాళ చెబుతాను.

మత్తు ఎందుకు?

పెద్దవాళ్ళకు వినికిడి పరీక్ష సులువు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపిస్తే మీట నొక్కమంటారు. మనందరం వార్షిక వైద్య పరీక్షల్లో చూసిందే. రెండున్నర, మూడేళ్ళు నిండిన పిల్లవాడికైతే శబ్దం వినిపించినప్పుడల్లా ఒక గోళీ డబ్బాలో వేయమని ఆటలా నేర్పి పరీక్ష చేయవచ్చు. ఆరు నెలలు దాటిన బిడ్డ శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతుంది, దాన్నిబట్టి కొంత చెప్పవచ్చు. ఇవి మంచి పరీక్షలు. కుదిరినచోట వీటికి సాటి లేదు, ఎందుకంటే ఇవి నిజంగా "వినడాన్ని" కొలుస్తాయి.

కానీ అందరు పిల్లల దగ్గరా ఇవి కుదరవు. కొందరు సహకరించరు. కొందరికి బుద్ధిమాంద్యమో ఆటిజమో తోడుగా ఉంటుంది. కొందరి విషయంలో ఫలితం అనుమానంగా ఉంటుంది. అలాంటప్పుడు బిడ్డ జవాబు కోసం చూడకుండా, చెవి నుంచి మెదడుకు వెళ్ళే సంకేతాన్ని నేరుగా పట్టుకునే పరీక్ష చేస్తారు. మన దేశంలో దాన్ని అందరూ బెరా అంటారు. పుస్తకాల్లో ఏబీఆర్ అని కూడా ఉంటుంది. రెండూ ఒకటే.

ఇందులో నొప్పి లేదు, సూది లేదు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు, చెవిలోకి టక్ టక్ మనే శబ్దాలు పంపుతారు. చిక్కల్లా ఒకటే, బిడ్డ కదలకుండా ఉండాలి. ఆరు నెలల లోపు పసివాళ్ళు కడుపు నిండా పాలు తాగి పడుకుంటే ఆ నిద్రలోనే పని అయిపోతుంది. ఏడాది దాటిన పిల్లలతో అది కష్టం. రెండు చెవులకూ, వేరువేరు స్థాయిల శబ్దాలకు పూర్తి పరీక్ష జరగాలంటే ముప్పావు గంట నుంచి గంట పైన పడుతుంది. నిద్రమందు సిరప్పు తాగిస్తే కొందరు పడుకుంటారు, కొందరు ఉమ్మేస్తారు, కొందరు సగంలో లేచి ఏడుస్తారు. అప్పుడే మత్తు డాక్టరును పిలుస్తారు.

కదలిక ఎందుకు అంత ముఖ్యం?

ఈ సభలో సిగ్నల్స్ వాళ్ళు ఉన్నారు కాబట్టి వాళ్ళ భాషలోనే చెబుతాను. శబ్దం చెవిలో పడ్డాక మొదటి 10 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో నూరో వంతులో, శ్రవణ నాడి నుంచి మెదడు కాండం దాకా సంకేతం ప్రయాణిస్తుంది. ఆ దారిలో అయిదు ముఖ్యమైన తరంగాలు కనిపిస్తాయి. 1971లో అమెరికాలో జ్యువెట్, విల్లిస్టన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటిని స్పష్టంగా వర్ణించి, ఒకటి నుంచి అంకెలు వేశారు. అందులో అయిదో తరంగం అన్నిటికన్నా గట్టిది. శబ్దం తగ్గిస్తూ పోతే చివరిదాకా నిలిచేది అదే. ఎంత చిన్న శబ్దం దాకా అది కనిపిస్తుందో చూసి వినికిడి స్థాయిని అంచనా వేస్తారు.

గట్టిది అన్నాను కానీ దాని పరిమాణం ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. మెదడులో ఎప్పుడూ నడిచే విద్యుత్తు పదుల మైక్రోవోల్టులు ఉంటుంది. బిడ్డ దవడ బిగించినా, మెడ తిప్పినా కండరాల నుంచి వచ్చే రొద ఇంకా ఎక్కువ. తిరునాళ్ళలో గుసగుస వినడం లాంటిది. మరి ఎలా పట్టుకుంటారు? అదే శబ్దాన్ని రెండు వేల సార్లు వినిపించి, రెండు వేల జవాబులనూ కలిపి సగటు తీస్తారు. రొద ఒకసారి పైకి, ఒకసారి కిందకు ఉంటుంది కనుక సగటులో అణిగిపోతుంది. సంకేతం ప్రతిసారీ ఒకే చోట వస్తుంది కనుక నిలబడుతుంది. రెండు వేల సార్లు సగటు తీస్తే రొద సుమారు 45వ వంతుకు తగ్గుతుంది. బిడ్డ కదులుతూ ఉంటే మాత్రం ఎన్నిసార్లు తీసినా తరంగం తేలదు.

మత్తు ఏం చేస్తుంది?

ఇప్పుడు తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. మత్తులో బిడ్డకు తెలివి ఉండదు కదా, చెవి పనిచేస్తుందా? పనిచేస్తుంది. గేటు దగ్గర సెంట్రీ, లోపల గార్డు రూములో డ్యూటీ ఆఫీసరు ఉన్నారనుకోండి. ఆఫీసరు నిద్రపోయినా గేటు దగ్గర సెంట్రీ నమోదు చేస్తూనే ఉంటాడు. చెవి, శ్రవణ నాడి, మెదడు కాండం సెంట్రీలు. "అమ్మ పిలుస్తోంది" అని అర్థం చేసుకునే మెదడు పై పొర ఆఫీసరు. మత్తు ప్రధానంగా ఆఫీసరునే నిద్రపుచ్చుతుంది. సెంట్రీల మీద దాని ప్రభావం చాలా తక్కువ. బెరా పరీక్ష మత్తులో చేయగలగడానికి కారణం ఇదే.

తక్కువ అన్నాను, లేదు అనలేదు. ఆ కొద్ది ప్రభావం ఏమిటో తెలియకపోతేనే రిపోర్టు దారి తప్పుతుంది.

మొదటిది, ఆలస్యం. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ వంటి పీల్చే మత్తుమందులు తరంగాలను కొద్దిగా వెనక్కు జరుపుతాయి. మిల్లీసెకనులో చిన్న భాగమే, కానీ మత్తు గాఢత పెరిగితే అదీ పెరుగుతుంది. నార్మల్ పట్టికలు ఎక్కువగా మామూలు నిద్రలోనో, మెలకువలోనో ఉన్నవాళ్ళ మీద తయారైనవి. మత్తులో వచ్చిన అంకెను ఆ పట్టికతో పోల్చి, నాడిలో ఏదో జబ్బు ఉందని తొందరపడి రాయకూడదు. వయసు సంగతి కూడా ఉంది. పసిపిల్లల తరంగాలు సహజంగానే ఆలస్యం, పెద్దల స్థాయికి రావడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది.

రెండోది, చలి. ఆపరేషన్ థియేటరులో ఏసీ, మత్తులో ఉన్న పసివాడి ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే మొదటి తరంగానికీ అయిదో తరంగానికీ మధ్య దూరం సుమారు 0.2 మిల్లీసెకన్లు పెరుగుతుంది. అందుకే బిడ్డను వెచ్చగా ఉంచాలి, ఉష్ణోగ్రత రాసిపెట్టాలి.

మూడోది, పరీక్షలన్నీ ఒకటి కావు. మెదడు పై భాగాల నుంచి, కాస్త ఆలస్యంగా వచ్చే తరంగాలు మత్తులో బాగా కుంగిపోతాయి. ఎంతగా అంటే, మత్తు ఎంత లోతుగా ఉందో కొలవడానికే వాటిని వాడారు. ఏఎస్ఎస్ఆర్ అని ఇంకో పరీక్ష ఉంది. అందులో శబ్దాన్ని సెకనుకు 40 సార్లు ఊపుతూ వినిపిస్తే వచ్చే జవాబు నిద్రలోనూ మత్తులోనూ పడిపోతుంది. సెకనుకు 80 నుంచి 100 సార్లు ఊపితే జవాబు నిలుస్తుంది. పిల్లలకు రెండో పద్ధతి వాడేది అందుకే.

ఇంకొకటి, మధ్య చెవిలో స్టెపీడియస్ అనే బుల్లి కండరం ఉంది. పెద్ద శబ్దం రాగానే అది బిగుసుకుంటుంది. కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్‌లో, పరికరం పనిచేస్తోందా లేదా అని చూడటానికి సర్జన్లు ఈ కండరం కదలికను గమనిస్తారు. పీల్చే మత్తుమందులు ఆ కదలికను మందగింపజేస్తాయి, కండరాలను వదులు చేసే మందు ఇచ్చి ఉంటే అసలు కనిపించదు. నరం ద్వారా ఇచ్చే ప్రోపోఫాల్‌తో ఇబ్బంది తక్కువ. కాబట్టి ఏ పరీక్ష చేయబోతున్నారో మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. సర్జను, ఆడియాలజిస్టు, మత్తు డాక్టరు ముగ్గురూ ముందు కూర్చుని మాట్లాడుకుంటే సగం సమస్యలు ఉండవు.

నవ్వుల గ్యాసు, చెవి

నైట్రస్ ఆక్సైడును మనవాళ్ళు నవ్వుల గ్యాసు అంటారు. మత్తులో దశాబ్దాలుగా వాడుతున్నాం. చెవి విషయంలో దీనితో ఒక తిరకాసు ఉంది. రక్తంలో ఇది నైట్రోజను కన్నా సుమారు 34 రెట్లు ఎక్కువ కరుగుతుంది. మధ్య చెవి గాలి నిండిన చిన్న గది. నైట్రోజను బయటికి వెళ్ళే వేగం కన్నా ఈ గ్యాసు లోపలికి వచ్చే వేగం చాలా ఎక్కువ. అందువల్ల కొద్ది నిమిషాల్లోనే ఆ గదిలో ఒత్తిడి పెరిగి కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది. గ్యాసు ఆపగానే వ్యవహారం తలకిందులై ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. ఎయిర్‌ఫోర్సు వాళ్ళకు ఈ ఒత్తిళ్ళ బాధ చెప్పనక్కరలేదు.

ఓఏఈ అనే ఇంకో పరీక్ష మీద దీని దెబ్బ ఎక్కువ. లోపలి చెవి శబ్దాన్ని వినడమే కాదు, తాను కూడా అతి సన్నని శబ్దం చేస్తుంది. 1978లో ఇంగ్లండులో డేవిడ్ కెంప్ దీన్ని కనుగొన్నారు. ఆ శబ్దాన్ని చెవి రంధ్రంలో పెట్టిన చిన్న మైకుతో పట్టుకుంటారు. అది మధ్య చెవిని దాటుకుని బయటికి రావాలి. అక్కడ ఒత్తిడి మారితే ఆ సన్నని శబ్దం బయటికి రాదు, లోపలి చెవి బాగున్నా "ఫెయిల్" అని చూపిస్తుంది. అందువల్ల వినికిడి పరీక్షకు మత్తిచ్చేటప్పుడు నైట్రస్ ఆక్సైడు మానేయడం మంచిది. థియేటరులో మానిటర్ల కూతలు, ఏసీ హోరు, సక్షన్ మోత కూడా ఈ పరీక్షకు శత్రువులే.

రెండు పరీక్షలూ ఎందుకంటారా? కొందరు పిల్లల్లో ఓఏఈ చక్కగా వస్తుంది, బెరా మాత్రం రాదు. లోపలి చెవి మంచిదే, నాడిలో సంకేతం చెదిరిపోతోందని అర్థం. నెలలు నిండకుండా పుట్టినవారిలో, పుట్టగానే తీవ్రమైన కామెర్లు వచ్చినవారిలో ఇది ఎక్కువగా చూస్తాం. ఒక్క పరీక్షతో ఊరుకుంటే ఈ పిల్లలు దొరకరు.

ఒక రిపోర్టు కథ

పేర్లు, ఊర్లు వద్దు. ఒక హవల్దారు గారి అబ్బాయి, రెండున్నర ఏళ్ళు. మాటలు రాలేదు. బయట ఒకచోట సిరప్పు తాగించి బెరా చేశారు. పిల్లవాడు సరిగా పడుకోలేదు. రిపోర్టులో ఒకే వాక్యం, "రెండు చెవుల్లోనూ స్పందన లేదు." పూర్తి చెవుడని, ఇంప్లాంటు తప్ప మార్గం లేదని ఇంట్లోవాళ్ళు కుంగిపోయారు. మా ఈఎన్‌టీ డాక్టరు ఆ గ్రాఫులు చూసి, ఇందులో తరంగం లేదని కాదు, రొదలో ఏమీ తెలియడం లేదని అన్నారు. ఆ రెండు మాటలకూ మధ్య తేడా ఎంతో ఆలోచించండి. గేటు దగ్గర ఎవరూ లేరనడం వేరు, పొగమంచులో కనిపించలేదనడం వేరు.

నైట్రస్ లేకుండా మత్తిచ్చాం. ముందు చెవి చూస్తే కర్ణభేరి వెనక జిగురు నీరు చేరి ఉంది. దాన్ని తీసి, కాస్త ఆగి, ఆడియాలజిస్టు పరీక్ష చేశారు. 50 డెసిబెల్స్ దాకా అయిదో తరంగం స్పష్టంగా వచ్చింది. లోపం ఉంది, అబద్ధం చెప్పకూడదు. కానీ అది వినికిడి మిషన్లతో సరిదిద్దగల లోపం. నీరు తీసిన రోజునే వచ్చిన అంకెను తుది మాటగా తీసుకోకూడదని, చెవి కుదుటపడ్డాక మళ్ళీ చూడాలని రాసి పంపాం. తర్వాత ఆట పద్ధతిలో చేసిన పరీక్ష కూడా దాదాపు అదే చెప్పింది. ఇంప్లాంటు అవసరం పడలేదు.

దీని తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది. కేవలం క్లిక్ శబ్దంతో పరీక్ష చేస్తే ప్రధానంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య వినికిడి మాత్రమే తెలుస్తుంది. తక్కువ స్థాయి శబ్దాలకు విడిగా టోన్‌బర్స్ట్ పరీక్ష చేయాలి. మత్తిచ్చినప్పుడే అన్నీ పూర్తి చేసుకోవాలి, రెండోసారి మత్తు అవసరం రాకూడదు.

మత్తు ప్రమాదమా?

పసివాళ్ళ మెదడు మీద మత్తు ప్రభావం గురించి చాలా భయాలు ఉన్నాయి. 2016 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీచేసింది. మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పదేపదే గానీ మత్తిస్తే మెదడు ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చని దాని సారాంశం. మరోవైపు ఏడు దేశాల్లో 28 ఆసుపత్రుల్లో 722 మంది పసికందుల మీద పెద్ద అధ్యయనం చేశారు. హెర్నియా ఆపరేషన్‌కు కొందరికి పూర్తి మత్తు, కొందరికి నడుము దగ్గర మాత్రమే మత్తు ఇచ్చి, అయిదేళ్ళ వయసులో తెలివితేటలు పరీక్షించారు. గంట లోపు మత్తు పొందిన పిల్లలకూ మిగతావారికీ తేడా కనిపించలేదని 2019లో ప్రకటించారు. కాబట్టి అవసరమైన ఒక గంట మత్తుకు భయపడి పరీక్ష మానుకోవద్దు. అవసరం లేని మత్తు మాత్రం వద్దు.

అసలు ప్రమాదం ఎక్కువగా ఇంటి దగ్గరే మొదలవుతుంది, పాల సీసాతో. పిల్లవాడు ఏడుస్తున్నాడని దారిలో పాలు పట్టేస్తారు, అడిగితే చెప్పరు. మత్తులో ఆ పాలు కక్కుకుని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. సాధారణంగా పాటించే లెక్క ఇది: మంచినీళ్ళు ఆపి 2 గంటలు, తల్లిపాలు ఆపి 4 గంటలు, పోతపాలు గానీ తిండి గానీ ఆపి 6 గంటలు కావాలి. మీ డాక్టరు ఏ లెక్క చెబితే అది తు.చ. తప్పకుండా పాటించండి. పాలు పట్టేస్తే దాచకుండా చెప్పండి, పరీక్ష ఇంకో రోజు పెట్టుకుందాం. జలుబు, దగ్గు ఉన్నా చెప్పండి. నిద్రమందు సిరప్పును కూడా ఇంట్లో తాగించి బండెక్కించకండి, ఆసుపత్రిలో డాక్టరు కళ్ళ ముందే తాగించాలి.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా

బిడ్డకు మాటలు ఆలస్యమైతే మన ఇళ్ళలో రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. నానమ్మ గారు, "వీళ్ళ నాన్నకూ మూడేళ్ళకు గానీ మాటలు రాలేదు" అంటారు. పక్క క్వార్టరు వాళ్ళు, "ఇంట్లో తెలుగు, బయట హిందీ, స్కూల్లో ఇంగ్లీషు, పాపం పిల్లాడు తికమక పడుతున్నాడు" అంటారు. రెండు మూడు భాషలు వినడం వల్ల ఏ బిడ్డా మూగవాడు కాడు. మన కంటోన్మెంటు పిల్లలే దానికి సాక్ష్యం. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపలేకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స అన్నది ప్రపంచమంతా పెట్టుకున్న లక్ష్యం. మాట నేర్చుకునే వయసు తిరిగి రాదు.

మనకు రెండు మూడేళ్ళకోసారి పోస్టింగు మారుతుంది. పుణేలో అపాయింట్‌మెంటు దొరికేలోపు జోధ్‌పూర్‌కు మూమెంట్ ఆర్డరు వస్తుంది, అక్కడ మళ్ళీ మొదటి నుంచి. ఈ లోపల బిడ్డకు ఏడాది గడిచిపోతుంది. అందుకని రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, గ్రాఫులు కూడా అడిగి తీసుకోండి. అందులో ఈ విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి: పరీక్ష మామూలు నిద్రలో జరిగిందా, సిరప్పుతోనా, మత్తులోనా, ఏ మందు వాడారు, నైట్రస్ వాడారా, మధ్య చెవి ఎలా ఉంది, క్లిక్ ఒక్కటేనా, టోన్‌బర్స్ట్ కూడా చేశారా, ఓఏఈ చేశారా, బిడ్డ కదిలాడా. ఇవి రాసి ఉంటే తర్వాతి ఊళ్ళో డాక్టరు అక్కడి నుంచే మొదలుపెట్టగలడు, మళ్ళీ మత్తివ్వనక్కరలేదు. సర్వీసు రికార్డులు ఎంత జాగ్రత్త చేస్తామో ఈ ఫైలును అంత జాగ్రత్త చేయండి.

పెద్ద వైద్యం అవసరమైతే మన సైనిక ఆసుపత్రుల నుంచి పై ఆసుపత్రులకు రెఫరల్ ఉంది. రిటైరైన వారికి 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ పనికే అంకితమైనవి. ఊళ్ళో ఉన్న మన బంధువుల పిల్లల కోసం 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే పథకం కింద పరీక్షలు జరుగుతున్నాయి, పుట్టుకతో వచ్చే చెవుడు ఆ జాబితాలో ఉంది. ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

చివరిగా తండ్రులకు ఒక మాట. బెరా పరీక్ష మెదడు కాండం దాకా వెళ్ళి ఆగుతుంది. ఆ బిడ్డ మీ గొంతును గుర్తుపట్టిందా, మీ మాటకు నవ్విందా అన్నది ఏ యంత్రమూ కొలవదు. అది చూసేది ఇంట్లో ఉన్న తల్లి. "నా బిడ్డకు వినిపించడం లేదేమో" అని ఆమె ఫోనులో అంటే, ఎంత దూరాన ఉన్నా కొట్టిపారేయకండి. నా అనుభవంలో తల్లి అనుమానం చాలాసార్లు నిజమే అయింది. వెంటనే పరీక్షకు తీసుకెళ్ళమనండి, కుదిరితే ఆ రోజుకు సెలవు పెట్టి మీరూ రండి. సమ్మతి పత్రం మీద సంతకానికి ముందు అడగాల్సినవన్నీ ఇద్దరూ కలిసి అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పడం మా బాధ్యత.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర నిస్సంకోచంగా అడగండి.

జై హింద్.